డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మెంటల్ హెల్త్ నర్సింగ్ అప్రెంటిస్‌షిప్‌లో చేరడమా, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) దాకా ఆగి యూనివర్సిటీకి వెళ్లడమా?

సాలూరు_అమ్మాయి:
ఇంట్లో తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నేను చదివింది బీకాం. మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్. ఇంగ్లాండ్ వచ్చి మూడున్నరేళ్లు అయింది. ఒక మానసిక ఆసుపత్రి అక్యూట్ వార్డులో హెచ్‌సీఏగా (నర్సులకు సహాయపడే కేర్ అసిస్టెంట్) బ్యాండ్ 3 జీతం స్థాయిలో పనిచేస్తున్నాను. ఇప్పుడు మా ట్రస్ట్ (ఆసుపత్రిని నడిపే సంస్థ) మెంటల్ హెల్త్ నర్సింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తులు పిలిచింది. నాలుగేళ్లు. జీతం ఆగదు, ఫీజు కట్టక్కర్లేదు, పాసైతే డిగ్రీతో పాటు ఎన్ఎంసీ (నర్సుల్ని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్‌కి అర్హత వస్తుంది.

మా ఆయన వద్దంటున్నారు. "ఇంకో ఏడాదిన్నర ఆగితే ఐఎల్ఆర్ వస్తుంది, అప్పుడు మూడేళ్లు హాయిగా కాలేజీలో చదువుకో. అప్రెంటిస్‌షిప్ పేరుతో వీళ్లు హెచ్‌సీఏ జీతానికి నర్సు పని చేయించుకుంటారు" అని ఆయన వాదన. బాబుకి నాలుగేళ్లు. నాకు ఆగాలని లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాష్టారు:
ముందు కాలం సంగతి చూడండి. ఏడాదిన్నర ఆగి మూడేళ్లు చదివితే నాలుగున్నరేళ్లు. అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్లు. ఆగితే తొందరగా అయ్యేదేమీ లేదు.

ఇక డబ్బు. 2025-26 రేటు ప్రకారం బ్యాండ్ 3 మొదటి మెట్టు 24,937 పౌండ్లు. నాలుగేళ్లకు దాదాపు లక్ష పౌండ్ల జీతం, పన్నులు కోయకముందు అనుకోండి. యూనివర్సిటీ అయితే 2025-26 లెక్కన ఏడాదికి 9,535 చొప్పున ఫీజు, అదంతా లోన్. సర్కారు ఇచ్చేది ఏడాదికి 5,000, మెంటల్ హెల్త్ బ్రాంచి కాబట్టి ఇంకో 1,000, పిల్లాడు ఉన్నాడు కాబట్టి మరో 2,000. 2017లో పాత బర్సరీ (విద్యార్థి భృతి) ఎత్తేశారు, గగ్గోలు పుట్టాక 2020లో ఇది పెట్టారు. దానితో అద్దె కూడా గడవదు. లోన్ గురించి మాత్రం మరీ భయపడక్కర్లేదు: 25,000 దాటిన జీతం మీద 9 శాతం కోస్తారు. కొత్త నర్సుగా బ్యాండ్ 5లో 31,049తో (2025-26 రేటు) మొదలైతే నెలకు సుమారు 45 పౌండ్లు. కాకపోతే 40 ఏళ్లు వెంట ఉంటుంది.

డబ్బు ఒక్కటే చూసుకుంటే ఇందులో చర్చే లేదు.

వార్డులో_పదేళ్లు:
మాష్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ మేనేజర్ వేసుకునే లెక్క వేరు, అమ్మాయి దాన్ని చూడాలి.

నేను మెంటల్ హెల్త్ నర్సుని, అప్రెంటిస్‌లకు ప్రాక్టీస్ అసెసర్‌గా (పనిలో వాళ్లను అంచనా వేసే నర్సుగా) కూడా చేశాను. అప్రెంటిస్‌షిప్ లెవీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమాని ఆ పైమొత్తం మీద అర శాతం కడతాడు. ఆ నిధిలోంచి యూనివర్సిటీ ఫీజు కట్టొచ్చు, జీతాలు మాత్రం ఇవ్వకూడదు. ఇక్కడే వస్తుంది చిక్కు. నర్సు కావాలంటే 2,300 గంటల చదువు, 2,300 గంటల ప్రాక్టీస్ ఉండాలని ఎన్ఎంసీ నియమం. అప్రెంటిస్ అయినా యూనివర్సిటీ విద్యార్థి అయినా ఒకటే. ఆ 4,600 గంటలూ మీరు వార్డు సిబ్బంది లెక్కలో ఉండకూడదు. మరి ఆ షిఫ్టుల్లో మీ బదులు ఎవరు? ఆ మనిషికి జీతం వార్డు బడ్జెట్ నుంచే పోవాలి. వార్డులో డబ్బులుండవు.

దాంతో ఏమవుతుందంటే, ప్లేస్‌మెంట్‌లో (వార్డులో పని నేర్చుకునే గంటల్లో) ఉన్న అమ్మాయిని "ఒక్క గంట" అని చెప్పి వన్ టు వన్ అబ్జర్వేషన్‌లో (ఒకే పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండే పనిలో) కూర్చోబెడతారు. ఆ గంట కాస్తా పూటవుతుంది. అదే పూట పక్కగదిలో వార్డ్ రౌండ్ జరుగుతుంటుంది, ఆ అమ్మాయి నేర్చుకోవాల్సింది అక్కడ. నేను దీని మీద అసెసర్‌గా ఫిర్యాదు రాశాను. "అర్థం చేసుకోండి సిస్టర్, మనుషుల్లేరు" అన్నారు. మీ ఆయన మాటలో సగం నిజం ఉందమ్మా.

నైట్‌షిఫ్ట్_అక్క:
సగమే నిజం. రెండో సగం నేను చెబుతాను, ఎందుకంటే ఆ దారిలోనే వచ్చి నర్సునయ్యాను.

యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్లల్ని కూడా అబ్జర్వేషన్‌లో కూర్చోబెడతారు. తేడా ఏమిటంటే వాళ్లకు జీతంగా నయాపైసా రాదు. నాకు జీతం వచ్చింది. ఇంకో సంగతి, మనిషి కోపంతో ఊగిపోతున్నప్పుడు ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అనేది హెచ్‌సీఏకి ఒంటపట్టి ఉంటుంది. మొదటి సంవత్సరం క్లాసులో అది తెలిసినవాళ్లం మేమే.

కానీ చెల్లీ, హెచ్‌సీఏగా ఎన్నేళ్లు చేసినా కనబడని పని ఒకటుంది. మన వార్డుకి సెక్షన్ (చట్టం కింద నిర్బంధం) లేకుండా, తన ఇష్టంతో వచ్చిన పేషెంట్ రాత్రి రెండింటికి "వెళ్లిపోతా" అంటాడు. డాక్టర్ దగ్గర్లో లేడు, వదిలితే ప్రాణానికే ప్రమాదం అనిపిస్తుంది. 1983 మెంటల్ హెల్త్ యాక్ట్ సెక్షన్ 5(4) కింద ఆరు గంటల దాకా ఆపే అధికారం నర్సుకి ఉంది. అదీ మెంటల్ హెల్త్ లేదా లెర్నింగ్ డిసెబిలిటీ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సుకే. సంతకం మీది, కారణం రాసేది మీరు. ఒక మనిషి స్వేచ్ఛ ఆపుతున్నారు. ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. సెక్షన్ మీద ఉన్నవాళ్లకు వాళ్ల హక్కులు చెప్పడం, డిపో ఇంజెక్షన్ (వారాల పాటు పనిచేసే మందు), క్లోజాపిన్ అనే మందు మొదలుపెట్టాక మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తపరీక్ష వెంటపడి చేయించడం, ఇవన్నీ అంతే. ఈ సమయం మీకు దొరుకుతుందా లేదా, అసలు ప్రశ్న అది.

నాకు కష్టమైంది చదువు కాదు. మా వార్డులోనే సోమవారం నీలం యూనిఫాంలో స్టూడెంట్‌ని, గురువారం పాత హెచ్‌సీఏని. "టీలు ఇచ్చి రా" అనే వాళ్లకు నేను ఏ రోజు ఎవరినో గుర్తుండేది కాదు. అందుకే పట్టుబట్టి ప్లేస్‌మెంట్లు బయట పెట్టించుకున్నాను: కమ్యూనిటీ టీమ్, క్రైసిస్ టీమ్, డిమెన్షియా వార్డు. అక్కడ నన్ను అందరూ స్టూడెంట్‌గానే చూశారు.

హల్_హైదరాబాదీ:
అక్కలూ, నాలుగేళ్లు ఎర్రగడ్డలో గడపడానికి అంత తొందరేంటి? 😄 జోక్ పక్కన పెడితే, చేసేదేదో అడల్ట్ నర్సింగ్ చేయండి. రేపు అమెరికా వెళ్లాలంటే మెంటల్ హెల్త్ బ్రాంచితో కుదరదు. వాళ్లు పెద్దలు, పిల్లలు, ప్రసూతి, సైకియాట్రీ అన్నీ చదివి ఉండాలంటారు.

వార్డులో_పదేళ్లు:
అమెరికా గురించి మీరన్నది సరైనదే, అమ్మాయి దాన్ని గుర్తు పెట్టుకోవాలి. మన ఊళ్లలో బీఎస్సీ నర్సింగ్‌లో సైకియాట్రీ ఒక సబ్జెక్ట్. ఇక్కడ మొదటి రోజు నుంచే బ్రాంచి వేరు. కానీ యూనివర్సిటీలో చదివినా ఇదే ఇబ్బంది కదా? అది బ్రాంచి మీద అభ్యంతరం, అప్రెంటిస్‌షిప్ మీద కాదు.

ఎర్రగడ్డ జోకు నాకు నవ్వు తెప్పించలేదు. మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలకు నేను "పెద్దాసుపత్రిలో" చేస్తున్నానని చెబుతారు, ఏ ఆసుపత్రో చెప్పరు. ఇలాంటి జోకుల వల్లే మనవాళ్లు డిప్రెషన్ వచ్చినా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరకు వెళ్లరు, క్రైసిస్ దాకా ముదిరాక మా వార్డుకే వస్తారు.

హల్_హైదరాబాదీ:
సారీ అక్కా. మీరన్నది ఒప్పుకుంటున్నాను.

కృష్ణలంక_టు_కెంట్:
మధ్యలో ఒక ప్రశ్న. మా వదిన ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసింది, ఇక్కడ కేర్ హోమ్‌లో కేరర్. తను కూడా ఇందులో చేరొచ్చా?

నైట్‌షిఫ్ట్_అక్క:
వద్దు బాబూ. తను ఇంగ్లిష్ పరీక్ష, సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఓస్కీ (ప్రాక్టికల్ పరీక్ష) రాసి నేరుగా రిజిస్ట్రేషన్‌కి వెళ్లాలి. ఇప్పటికే నర్సు అయిన మనిషిని మళ్లీ నర్సు చేయడానికి నాలుగేళ్లెందుకు?

వీసా_గోల:
అందరూ ఒక విషయం వదిలేశారు. ఐఎల్ఆర్ లేని డిపెండెంట్ యూనివర్సిటీకి వెళితే స్టూడెంట్ లోన్ రాదు, సాధారణంగా ఇంటర్నేషనల్ ఫీజు వేస్తారు. అప్రెంటిస్‌షిప్ నిధికి ఆ షరతు లేదు. చదువు కోసం కాని వీసా మీద మూడేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి, పనిచేసే హక్కు ఉండాలి. మూడున్నరేళ్లు దాటాయి కాబట్టి ఆవిడకు ఇప్పుడు తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే.

ఐఎల్ఆర్ దాకా ఆగడం అనేది కూడా గట్టి నేల మీద నిలబడిన మాట కాదు. 2025 మేలో ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రంలో ఐదేళ్లను పదేళ్లు చేయాలని ప్రతిపాదించారు. ఏడాదిన్నర అనుకున్నది ఆరున్నరేళ్లయితే?

అయితే రెండోవైపు ప్రమాదం కూడా ఉంది. భర్త ఉద్యోగం పోతే ఆయన వీసాతో పాటు మీదీ పోతుంది, అప్రెంటిస్‌షిప్ మధ్యలో ఆగుతుంది. వీసా గడువు కోర్సు కంటే ముందే ముగుస్తుంటే, పూర్తిచేయగలరా అని యజమాని, యూనివర్సిటీ ముందే అడుగుతారు. పొడిగింపు తేదీలు కాగితం మీద పెట్టుకుని వెళ్లండి.

లెక్కల_మాష్టారు:
ఇంకో దారి కూడా చెప్పాలి. బీకాం ఉంది కాబట్టి, ఐఎల్ఆర్ వచ్చాక రెండేళ్ల ఎంఎస్సీ మెంటల్ హెల్త్ నర్సింగ్ కూడా చేయొచ్చు. పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు, డిగ్రీ ఉన్నా నర్సింగ్‌కి లోన్ ఇస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లు కలిపితే మూడున్నర. మీ ఆయన ఈ లెక్క వేసి ఉంటే వాదన ఇంకా బలంగా ఉండేది.

సాలూరు_అమ్మాయి:
ఆ ఎంఎస్సీ సంగతి ఆయనకు చెప్పకండి మాష్టారూ 🙂

అక్కలు చెప్పింది పట్టుకుని ఈ రోజు మా మేనేజర్‌ని నేరుగా అడిగాను. నేను క్లాసుకి వెళ్లే రోజు నా షిఫ్ట్ ఎవరు చేస్తారు అని. "బ్యాంక్ స్టాఫ్‌ని పెడతాం" అన్నారు (అంటే అవసరమైనప్పుడు పిలిచే సిబ్బంది). బడ్జెట్ మంజూరైందా అంటే "మాట్లాడుతున్నాం" అన్నారు. ప్లేస్‌మెంట్లలో సగమైనా వేరే వార్డుల్లో ఇస్తారా అంటే దానికి మాత్రం వెంటనే సరే అన్నారు. మధ్యలో మానేస్తే ఫీజు తిరిగి కట్టాలా అని కూడా అడిగాను, "హెచ్ఆర్‌ని అడగండి" అన్నారు.

వార్డులో_పదేళ్లు:
శిక్షణ ఫీజు అప్రెంటిస్ నుంచి వసూలు చేయకూడదు, మధ్యలో మానేసినా సరే. అది నిధి నిబంధనల్లోనే ఉంది. హెచ్ఆర్ వేరేలా రాసిన కాగితం ఇస్తే సంతకం పెట్టకుండా యూనియన్‌కి చూపించండి.

"మాట్లాడుతున్నాం" అన్నదాన్ని నేను "లేదు" అనే చదువుతాను. నిరుడు మా దగ్గర కూడా ఇదే మాట అన్నారు. బ్యాంక్ స్టాఫ్‌కి మంజూరు ఉందని ఈమెయిల్‌లో రాయమనండి. రాస్తే చేరండి. రాయకపోతే పక్క ట్రస్ట్‌లో ఇదే కోర్సుకి ఎప్పుడు పిలుస్తారో చూడండి.

నైట్‌షిఫ్ట్_అక్క:
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఏ మేనేజరూ అలా రాసివ్వడు. నాకూ రాసివ్వలేదు. ఆ ఈమెయిల్ కోసం కూర్చుంటే ఈ ఏడాది సీటు పోతుంది, వచ్చే ఏడాది వీసా నిబంధనలు ఏమవుతాయో ఎవరికి తెలుసు. చేరాక ప్రతి పూటా ప్లేస్‌మెంట్ గంటలు రాసుకోండి, లాగేసుకున్న గంటలు విడిగా రాసి నెలనెలా యూనివర్సిటీ ట్యూటర్‌కి పంపండి. గంటలు తగ్గితే డిగ్రీ ఆగుతుంది, ఆ ఒత్తిడి అప్పుడు ట్రస్ట్ మీద పడుతుంది.

వార్డులో_పదేళ్లు:
మీరు గట్టి మనిషి కాబట్టి అలా నెట్టుకొచ్చారు. నాలుగేళ్ల పిల్లాడిని పెట్టుకుని, నైట్లు చేస్తూ, నెలనెలా ఫిర్యాదు రాసే ఓపిక అందరికీ ఉండదు. అది అమ్మాయి తేల్చుకోవాలి, మనం కాదు.

సాలూరు_అమ్మాయి:
దరఖాస్తు పెట్టేశాను. గడువు శుక్రవారం, ఆగితే దాటిపోయేది. ఈమెయిల్ కూడా అడిగాను, జవాబు ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలో సెక్షన్ 5(4) లాంటివి అడుగుతారా, లేక "మీకు ఈ పని ఎందుకు ఇష్టం" అనే వరకేనా?

నైట్‌షిఫ్ట్_అక్క:
రెండూ అడుగుతారు. మందుల లెక్కల పరీక్ష కూడా ఉండొచ్చు. శాతాలు, మిల్లీగ్రాముల నుంచి మైక్రోగ్రాములకు మార్చడం చూసుకోండి. బీకాం కదా, అక్కడ మీకు ఇబ్బంది ఉండదు.