ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకునేవారికి డ్రెయిన్ వాల్వు: మన బెంగళూరు రోడ్లకు తగునా?

కాడుగోడి నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదకొండేళ్లుగా కాడుగోడిలో ఉంటున్నాము. రెండేళ్లుగా నా పెట్రోలు సెడాన్‌కు ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటున్నాను. ఈ అలవాటు సరదాకు మొదలైనది కాదు. ఒక సర్వీసు కేంద్రంలో పనివాడు ఇంజన్ కింద ఆయిల్ నిలిచే ఛాంబర్ అడుగున, ఆయిల్ దించడానికి ఉండే బోల్టును గాలి పీడనంతో తిరిగే గన్‌తో బిగించడంతో, అది కూర్చునే రంధ్రంలోని అల్యూమినియం మరలు నలిగిపోయి ఆయిల్ చెమర్చసాగింది. చివరకు ఛాంబరే మార్చవలసి వచ్చింది. కొత్త ఛాంబర్ మరలనైనా కాపాడుకుందామని వెతుకుతుంటే డ్రెయిన్ వాల్వు సంగతి తెలిసింది. బోల్టు స్థానంలో దీనిని ఒక్కసారి బిగిస్తే, ఆ తరువాత పానా అవసరం లేకుండా మీట తిప్పి ఆయిల్ దించుకోవచ్చునట. జపాను వారి ఫుమోటో ఈ రకంలో పేరున్నది. అయితే మా బావగారు వినగానే, “బండి కింద కుళాయి పెట్టుకుని ఊరేగుతావా?” అన్నారు. ఆయన లారీలు నడిపించిన మనిషి కనుక ఆ మాటను తీసిపారేయలేకపోతున్నాను. వాడి చూసినవారు తమ అనుభవం చెప్పగలరు.

పాత పానా

నా హ్యాచ్‌బ్యాక్‌కు ఈ వాల్వు పెట్టి ఆరేళ్లయింది, ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు. మీ బావగారు భయపడుతున్నట్లు అది స్నానాల గది కుళాయి వంటిది కాదు. లోపల గోళం ఉంటుంది, దాని రంధ్రం దారికి ఎదురుగా వచ్చినప్పుడే ఆయిల్ దిగుతుంది. మీట ఒక గాడిలో కూర్చుని ఉంటుంది. స్ప్రింగు బలానికి ఎదురుగా దానిని లేపి, ఆ తరువాత తిప్పితే తప్ప తెరుచుకోదు. బండి అదురుకు తనంతట తాను తిరిగే అవకాశం లేదు. అప్పటికీ మనసు కుదుటపడకపోతే మీట కదలకుండా పట్టి ఉంచే క్లిప్పు కూడా దొరుకుతుంది.

మరల సంగతి మీకు అనుభవమే కనుక విడిగా చెప్పనవసరం లేదు. అందరూ మరచిపోయే లాభం మరొకటి ఉంది. పొరపాటున ఆయిల్ అరలీటరు ఎక్కువ పోస్తే, ఇంజన్‌లో తిరిగే క్రాంకు ఇరుసు దానిని చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌తో పీడనం సరిగా నిలవదు. బోల్టు ఉన్న బండిలో ఆ అరలీటరు తీయడం పెద్ద ప్రహసనం. వాల్వు ఉంటే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసుకుంటూ కావలసినంత దించి మూసేయవచ్చు. వేడి ఆయిల్ మోచేతి దాకా కారే బాధ ఎలాగూ తప్పుతుంది.

జేసీ రోడ్డు బాటసారి

పాత పానా గారి అనుభవాన్ని కాదనను, కానీ ఆరేళ్లు ఏమీ కాలేదన్నది ఆయన తిరిగిన దారులకు సాక్ష్యమే తప్ప వాల్వుకు సాక్ష్యం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నిదానంగా ఎక్కి దిగేలా ఉండాలి. మన లేఅవుట్లలో రాత్రికి రాత్రి వెలిసే దిబ్బలకు ఏ కొలతా లేదు, వాటికి తెల్లగీత కూడా ఉండదు. నలుగురు కూర్చుని, డిక్కీ నిండా బియ్యం బస్తాలతో ఊరి నుంచి తిరిగివచ్చే సెడాన్ అటువంటి దిబ్బను ఎలా దాటుతుందో ఇక్కడ ఎవరికి తెలియదు? ఛాంబర్‌కు రాయి తగిలితే సొట్టతో పోవచ్చు. బయటకు పొడుచుకువచ్చిన వాల్వుకు తగిలితే అది విరగవచ్చు, లేదా మరలతో సహా ఊడవచ్చు. మీటర్ల దగ్గర ఆయిల్ హెచ్చరిక దీపం వెలిగిన సంగతి ముళబాగిలు దగ్గర హైవే మీద వంద వేగంలో గమనించి, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేలోగా బేరింగుల పని అయిపోతుంది.

ఇంతటి ప్రమాదానికి ఎదురుగా దక్కే లాభం ఎంత? మన పెట్రోలు కార్లలో చాలావాటికి ఆయిల్ మార్పు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఒకసారి. ఏడాదికి ఒక్క బోల్టు విప్పే శ్రమను తప్పించుకోవడానికి మిగిలిన 364 రోజులు గుండె చిక్కబట్టుకోవాలా? పైగా ఆయిల్‌తో పాటు మార్చవలసిన ఆయిల్ ఫిల్టర్‌ను వాల్వు మార్చదు. చాలా బండ్లలో దానికోసం జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి కిందకు దూరవలసిందే. దూరిన తరువాత బోల్టు విప్పడం ఎంతసేపు?

మరలు పాడైంది బోల్టు వల్ల కాదు, గాలి గన్ వల్ల. చిన్న కార్లలో ఈ బోల్టుకు కావలసిన బిగింపు సాధారణంగా 35 నుంచి 40 న్యూటన్-మీటర్లు మాత్రమే. బిగింపు కొలత చూపే టార్క్ పానా ఒకటి కొనుక్కుని, ప్రతిసారి కొత్త వాషర్ వేసి, మొదటి నాలుగు చుట్లు చేతితోనే తిప్పితే ఆ మరలు బండి ఉన్నంతకాలం ఉంటాయి.

పాత పానా

ఫిల్టర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నా బండిలో అది పైనుంచే చేతికి అందుతుంది కనుక నాకు తట్టలేదు. వాల్వు రంధ్రం బోల్టు రంధ్రం కన్నా చిన్నది కాబట్టి ఆయిల్ నెమ్మదిగా దిగుతుందనీ, అడుగున కొద్దిగా మిగిలిపోతుందనీ కూడా చెప్పాలి. కొత్తగా పోసే మూడు, మూడున్నర లీటర్లలో ఆ కొద్దిపాటి కలవడం నా లెక్కలో దోషం కాదు.

అయితే దెబ్బ తగులుతుందా లేదా అన్నది బండిని బట్టి ఉంటుంది. బోల్టు నేలకేసి చూస్తున్నదా, వెనక్కో పక్కకో చూస్తున్నదా అన్నది ముందు గమనించాలి. పక్కకు చూసే బోల్టు స్థానంలో వాల్వు పెడితే అది ఛాంబర్ అంచు కన్నా కిందకు దిగకపోవచ్చు. బండి కింద ముందు క్రాస్‌మెంబర్ (అడ్డంగా ఉండే ఇనుప దూలం) నుంచి ఛాంబర్ అడుగు వరకు తిన్నని బద్ద ఆనించి పట్టుకోండి. వాల్వు వచ్చే చోటు ఆ గీతకు పైన ఉంటే పెట్టుకోవచ్చు, కింద ఉంటే వద్దు. గొట్టం తగిలించే ముక్కు ఉన్న రకం ఇంకా పొడవు కనుక ముక్కు లేనిదాన్ని చూడండి. జర్మనీ వారి స్టాల్‌బస్‌లో మీట ఉండదు. మూత తీసి గొట్టం బిగిస్తేనే లోపలి స్ప్రింగు గోళం వెనక్కు జరిగి దారి ఇస్తుంది.

వారంటీ ఉన్నవాడిని

నాది ఒక్క మాట. వారంటీ ఉన్నన్నాళ్లు దీని జోలికి పోకండి. ఇంజన్‌కు సంబంధించి ఏ చిక్కు వచ్చినా ముందుగా వేలు చూపించేది బయట కొన్న ఆ వాల్వునే. కిందకు దూరడమే ఇబ్బంది అయితే, డిప్‌స్టిక్ గొట్టం గుండా ఆయిల్ లాగే చేతి పంపు ఉంది. బండికి ఏదీ బిగించనవసరం లేదు.

జనరేటర్ గది

మా అపార్ట్‌మెంటు సంఘంలో డీజిల్ జనరేటర్ బాధ్యత నాది. మీ వాదన చదువుతుంటే నవ్వు వచ్చింది, ఎందుకంటే ఈ వాల్వుకు అసలైన ఇల్లు మా గది. జనరేటర్ కదలదు, దాని కింద స్పీడ్ బ్రేకర్ రాదు, ఆయిల్‌ను నడిచిన గంటల లెక్కన మార్చాలి. వాల్వుకు గొట్టం తగిలించి నేరుగా పీపాలోకి దించుతాము. ఆయిల్ ఛాంబర్‌ను సంపు అని కూడా అంటారు, కానీ బెంగళూరులో సంపు అంటే నీళ్ల తొట్టి కనుక, “సంపులో ఆయిల్ మార్చాలి” అని నోటీసు పెట్టిన రోజు మాత్రం అపార్ట్‌మెంటంతా కిందకు దిగింది.

ఇంతమంది మాట్లాడారు, దించిన ఆయిల్ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు. 2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాని సేకరణ, పునఃశుద్ధి విషయంలో 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారుల మీద కూడా బాధ్యత పెట్టారు. మన వీధి కాలువలో పోస్తే అది రాజకాలువెలో (వాననీటి పెద్ద కాలువలో) కలిసి ఏదో ఒక చెరువుకే చేరుతుంది. బెళ్ళందూరు చెరువు మండినది ప్రధానంగా మురుగునీటి పాపమే అయినా, అందులో మన వాటా కలపనక్కరలేదు. మా పీపాను అనుమతి ఉన్న పునఃశుద్ధిదారు తీసుకెళ్తాడు. సొంతంగా మార్చుకునేవారు ముందుగా ఇటువంటి ఏర్పాటు చూసుకుని, ఆ తరువాత వాల్వు గురించి ఆలోచించాలి.

కాడుగోడి నివాసి

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం బద్ద పట్టుకుని చూశాను. నా బండి బోల్టు వెనక్కే చూస్తున్నది, కానీ కొద్దిగా కిందకు వాలి ఉంది. వాల్వు పెడితే దాని కొస ఆ గీతకు వేలెడు కిందకు వస్తుంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ కవచం విప్పనిదే మీట చేతికి అందదు కూడా, కవచం విప్పిన తరువాత ఇక మిగిలే సౌకర్యం ఏమీ లేదు. కనుక బోల్టుతోనే ఉంటాను. టార్క్ పానా, పది వాషర్లు బండి విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో తెచ్చుకున్నాను.

జనరేటర్ గది వారి మాట విని మా సంఘం కార్యదర్శి గారిని అడిగాను. పాత ఆయిల్‌ను మా జనరేటర్ పీపా తీసుకువెళ్లే ఆయనకే ఇవ్వవచ్చునా అని ఆయనతో మాట్లాడి చెబుతామన్నారు. అంతవరకు నా దగ్గర మూత బిగించిన రెండు డబ్బాలు బాల్కనీలోనే ఉంటాయి. బావగారికి ఫలితం ఇంకా చెప్పలేదు.