సూచీ 10 శాతం పడగానే మార్కెట్ ఆపేస్తే పతనం ఆగుతుందా?

బేరగాడు (ప్రశ్న):
ధరంటే కొనేవాడికీ అమ్మేవాడికీ కుదిరిన బేరం. మధ్యలో రెగ్యులేటర్ దూరి "ఇక ఆపండి" అనడం ఏ లెక్కన సబబు? 2020 మార్చిలో అమెరికాలో నాలుగు రోజులు (9, 12, 16, 18), ఇండియాలో రెండు రోజులు (13, 23) ఇలాగే ఆపారు. అయినా ఆ నెలలో పడాల్సింది పడనే పడింది. మరి సర్క్యూట్ బ్రేకర్ (సూచీ ఒక గీత దాటగానే ట్రేడింగ్ ఆపే రూలు) వల్ల ఒరిగిందేమిటి? ఆపిన సమయంలో పెండింగ్‌లో ఉన్న స్టాప్ లాస్ (ధర ఫలానా మట్టానికి పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) ఏమవుతుంది?

మార్జిన్_లెక్క:
పతనాన్ని ఆపడం దాని పనే కాదండీ. మీరు చెప్పిన రెండు ఇండియా తేదీలే చూడండి. 13న ఆపి తెరిచాక నిఫ్టీ లేచి లాభంతో ముగిసింది. 23న తెరిచాక ఇంకా జారి దాదాపు 13 శాతం నష్టంతో ముగిసింది. రూలు రెండుసార్లూ ఒకటే, దిక్కు మాత్రం వేరు.

అసలు పని 1987 అక్టోబర్ 19ని చూస్తే తెలుస్తుంది. అమెరికా సూచీ డౌ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అమ్మకాల వరదకి న్యూయార్క్‌లో ధరల టేపు గంటలకొద్దీ వెనకబడింది, అంటే తెరమీది ధర పాతదే. ఆ పాత ధర చూసి ఆర్డర్ పెట్టేవాడు కళ్లకు గంతలు కట్టుకుని బేరమాడినట్టే. మరోపక్క ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) వాళ్లకి మార్జిన్ కాల్స్, అంటే నష్టానికి సరిపడా పూచీ డబ్బు వెంటనే కట్టమని తాఖీదులు. డబ్బు బ్యాంకు నుంచి క్లియరింగ్ హౌస్‌కి (బేరాల లెక్క తేల్చే సంస్థ) చేరడానికి టైం పడుతుంది, ధర పడటానికి పట్టదు. ఈలోగా బ్రోకర్ పొజిషన్ తెగనమ్మితే ధర ఇంకా పడి, పక్కవాడికీ మార్జిన్ కాల్ వెళ్తుంది. ఈ గొలుసులో ఒక ఖాళీ పెట్టమని ఆ పతనాన్ని పరిశీలించిన బ్రేడీ కమిటీ 1988 జనవరిలో సూచించింది.

అందుకే ఆపేటప్పుడు షేర్లనీ డెరివేటివ్స్‌నీ (ఫ్యూచర్స్ లాంటివి) కలిపి ఆపాలి. ఒకటే ఆపితే అమ్మేవాళ్లంతా తెరిచి ఉన్న రెండో తలుపు మీద పడతారు.

ఒక మాట: ఆగేది ట్రేడింగే, మార్జిన్ బాకీ కాదు. "మార్కెట్ మూసే ఉందిగా" అని ఊరుకుంటే తెరవగానే బ్రోకర్ స్క్వేర్ ఆఫ్ చేస్తాడు, అంటే మీ పొజిషన్ తానే మూసేస్తాడు.

ఆర్డర్_బుక్:
స్టాప్ లాస్ సంగతి. ఇండియాలో మార్కెట్ రెగ్యులేటర్ సెబీ నిబంధన ప్రకారం సూచీ సర్క్యూట్ తగలగానే మ్యాచ్ కాని ఆర్డర్లన్నీ ఎక్స్ఛేంజ్ తుడిచేస్తుంది. మీ స్టాప్ లాస్ కూడా పోతుంది, తెరిచాక మళ్లీ పెట్టుకోవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

10 శాతం కదలిక మధ్యాహ్నం 1 లోపు వస్తే 45 నిమిషాలు, 1 నుంచి 2:30 లోపు వస్తే 15 నిమిషాలు ఆపుతారు. 2:30 తర్వాతైతే 10 శాతానికి ఆపరు. 20 శాతమైతే ఎప్పుడు తగిలినా ఆ రోజుకి మూతే. తిరిగి తెరిచేది కాల్ ఆక్షన్‌తో, అంటే ఆర్డర్లన్నీ పోగుచేసి ఎక్కువ షేర్లు కుదిరే ఒకే ధర తేల్చడం. ఉదాహరణకి కొనేవాళ్లు 88కి 200, 86కి 300, 84కి 500 షేర్లు అడిగారు. అమ్మేవాళ్లు 84కి 400, 86కి 300, 88కి 300 పెట్టారు. 88 ఇస్తానన్నవాడు 86కైనా కొంటాడు, 84కి ఇస్తానన్నవాడు 86కైనా అమ్ముతాడు. అందుకే 84 దగ్గర కుదిరేది 400, 88 దగ్గర 200, 86 దగ్గర 500. కాబట్టి ధర 86. ఆగేముందు 92 ఉన్నా సరే, 91, 90, 89 అని మెట్లు దిగదు, నేరుగా 86 దగ్గర తెరుచుకుంటుంది.

ఆర్డర్లు తుడిచేయని ఎక్స్ఛేంజ్ అనుకోండి. 90 దగ్గర పెట్టిన స్టాప్ మార్కెట్ ఆర్డర్ (90 తాకగానే దొరికిన ధరకి అమ్మేది) ఆ 86 చుట్టుపక్కలే అమ్ముడవుతుంది. ట్రిగర్ 90, లిమిట్ 89 (90 తాకితే అమ్ము, 89కి తగ్గకుండా) అని పెట్టినవాడిది అసలు అమ్ముడే కాదు, ధర కిందకి పోతుంటే చూస్తూ కూర్చోవాలి.

బేరగాడు:
డెరివేటివ్స్ కూడా ఆగుతాయన్నది నాకు తట్టలేదు. కానీ గీత దగ్గర పడుతోందని తెలిస్తే జనం ముందే అమ్మేసుకోరా?

గీత_దగ్గర:
అమ్ముకుంటారు. చైనాలో అదే జరిగింది. 2016 జనవరిలో తెచ్చిన రూలు ప్రకారం సూచీ 5 శాతం పడితే 15 నిమిషాల విరామం, 7 పడితే ఆ రోజుకి మూత. మధ్య దూరం రెండు శాతమే. విరామం అవగానే "మళ్లీ మూసేలోగా బయటపడాలి" అని తోపులాట. జనవరి 4న మూతపడింది. 7న తెరిచి అరగంట కాకముందే మూతపడింది. 8 నుంచి రూలే పక్కన పెట్టారు.

అమెరికాలో 7, 13, 20. ఇండియాలో 10, 15, 20. మెట్ల మధ్య అయిదు నుంచి ఏడు శాతం దూరం ఉంటే ఆ తోపులాట తక్కువ. కాబట్టి తప్పు రెగ్యులేషన్‌ది అనేకంటే, గీత ఎక్కడ గీశారో చూడాలి.

షార్ట్ సెల్లింగ్ (అరువు తెచ్చిన షేర్లు అమ్మి, ధర పడ్డాక కొని తిరిగివ్వడం) నిషేధాన్ని మాత్రం దీంతో కలపకండి. 2008 సెప్టెంబర్‌లో అమెరికా దాదాపు 800 ఫైనాన్స్ షేర్లలో షార్ట్ చేయొద్దంది. ఆ షేర్లలో కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా పెరిగింది, పడటం ఆగలేదు. విరామం ఇద్దరినీ ఆపుతుంది. నిషేధం ఒక పక్షం నోరే నొక్కుతుంది. నా లెక్కలో రెండోదే మీరన్న "మధ్యలో దూరడం".