జున్ను ముక్క గొంతు దిగట్లేదు, పాడి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మాది ఒంగోలు వైపు, ఉండేది బెంగళూరులో. ఇక్కడ జున్నుని గిణ్ణు అంటారు. పోయిన వారం మా పాలాయన ఆవు ఈనిందని లీటరు జున్నుపాలు ఇచ్చాడు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెట్టాను. చాకుతో కోస్తే ముక్క వణుకుతూ లేచింది, అడుగున బెల్లం నీరు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి అంది: "దూడకి రోగనిరోధక శక్తి ఈ పాల నుంచే రావాలమ్మా. ఒక రోజు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవు."

చదివి చూశాను, నిజమే. 35-40 కిలోల దూడ పుట్టిన కొన్ని గంటల్లోనే 3-4 లీటర్లు తాగాలి.

మా అత్తయ్య మాత్రం "దూడ తాగగా మిగిలినవే పిండుతారే, అన్నీ తాగితే దానికి పారుడు పట్టుకుంటుంది" అంటూ రెండు ముక్కలు లాగించారు. (చిన్నప్పుడు నేనూ గిన్నె నాకినదాన్నే.)

నిజంగా అన్ని పాలు మిగులుతాయా? పాలాయన్ని "ఎన్నో పూట పాలు?" అని అడిగితే సరిపోతుందా? మూడో రోజు పాలతో జున్ను గట్టిపడుతుందా, పడకపోతే ఏం కలపాలి? పెరుగు, మిల్క్‌మెయిడ్ కలిపి చేసేది మాత్రం చెప్పకండి. చేశాను, అది జున్ను కాదు.