కెన్నెసాలో పెద్దవాళ్ళకు కాలక్షేపం ఎలా ఉంటుంది?

నమస్కారం. వచ్చే నెలలో మేము జార్జియా రాష్ట్రంలోని కెన్నెసాకు మారుతున్నాము. కాజీపేట లోకోషెడ్డులో 30 ఏళ్ళు పనిచేసిన మా నాన్నగారు, అమ్మ ఆరు నెలలు మాతోనే ఉంటారు. ఒకప్పుడు బిగ్ షాంటీగా పిలిచిన ఈ ఊళ్ళోనే, అమెరికా అంతర్యుద్ధం జరుగుతుండగా 1862 ఏప్రిల్ 12న, రైలు సిబ్బంది, ప్రయాణికులు ఉదయపు ఫలహారానికి దిగిన సమయం చూసి ఉత్తరాది సేనల తరఫు మనుషులు ‘జనరల్’ అనే ఆవిరి ఇంజనును ఎత్తుకుపోయారనీ, అది ఇప్పుడు అక్కడి సదరన్ మ్యూజియంలోనే ఉందనీ చెప్పగానే, నాన్నగారు "ఇంజను దగ్గర ఒక్కరినైనా ఉంచకుండా ఎలా దిగారు?" అని తెల్లబోయారు. ఆ ఇంజనును ఎంత దగ్గరి నుంచి చూడనిస్తారు?

అమ్మకు మోకాళ్ళ నొప్పి. కెన్నెసా కొండ ఎక్కలేరు. స్విఫ్ట్-కాంట్రెల్ పార్కులో సాయంత్రాలు నడిచే తెలుగు పెద్దలు ఎవరైనా కలుస్తారా? నాన్నగారి సంగతి ఎలా ఉన్నా, అమ్మకు మాట్లాడే తోడు లేకపోతే రోజు గడవదు. పాత ఊరి నడిబొడ్డున, పట్టాలకు దగ్గరలో ఒక అద్దె ఇల్లు చూశాము. రాత్రిళ్ళు గూడ్సు బండ్ల కూతలకు నిద్ర పడుతుందా? అక్కడ ఉంటున్నవారు దయచేసి తెలియజేయగలరు.