అప్‌డేట్: రొయ్యల చెరువు లీజు వదిలేశాను

భీమవరం దగ్గర లీజుకు తీసుకున్న ఐదెకరాల చెరువులో వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ వ్యాధితో పోయిన తరువాత, మూడోసారి వనామీ రకం రొయ్య పిల్లలు (సీడ్) వేయాలా వద్దా అని మిమ్మల్ని అడిగాను. వేయలేదు.

పోయిన 14 లక్షలు ఏం చేసినా తిరిగి రావు గనుక వాటిని లెక్కలోంచి తీసేసి, ఇకపై మేతకు, కరెంటుకు, డీజిలుకు పెట్టబోయేది గిట్టుతుందా అని మాత్రమే చూడమన్న సలహా నాకు పనికివచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచిన తరువాతి ధరలతో ఎంత ఉదారంగా లెక్కించినా గిట్టలేదు. (నాన్నగారు మాత్రం ఇంకొక్క పంట అంటూనే ఉన్నారు.)

చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లను సగం ధరకే అమ్మాను. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలు మాత్రం ఇంకా పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి.