విదేశీ ఎంబీబీఎస్‌కు పరీక్ష ఉంది, ఇక్కడి ఎంబీబీఎస్‌కు ఎందుకు లేదు?

ఆదోని నాన్న:
మా అమ్మాయి నీట్ క్వాలిఫై అయి 2022లో జార్జియాలో ఎంబీబీఎస్‌కు చేరింది. తిరిగొచ్చాక, విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసైతేనే ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్. 300 మార్కులకు 150 రావాలి. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివితే ఆ పరీక్షే లేదు. ఇదేం న్యాయం?

కడప హౌస్ సర్జన్:
సార్, మాకూ ప్రతి సబ్జెక్టుకూ యూనివర్సిటీ థియరీ, ప్రాక్టికల్స్ ఉంటాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పేషెంట్‌ను చూసి కేసు చెప్పాలి. విదేశాల్లో ఒక్కో కాలేజీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి వడపోత తప్పదు. చాలా సెషన్లలో మూడో వంతు మంది కూడా పాస్ కావడం లేదు.

అనంత ఎఫ్‌ఎంజీ:
నేనూ ఎఫ్‌ఎంజీనే, అంటే ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్‌ని. కిర్గిజ్‌స్థాన్‌లో చదివి, ఆ పరీక్ష పాసై, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. పరీక్ష ఉండాల్సిందే. కానీ అందులో ఉన్నవన్నీ మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలే. పాముకాటుతో వచ్చినవాడికి రాత్రి క్యాజువాల్టీలో ఏం చేస్తామో వాటితో తేలదు. అక్కడి పేషెంట్లు చెప్పేది నాకు సగమే అర్థమయ్యేది. ఇక్కడ అవ్వ వచ్చి "కడుపులో దేవినట్టుంది నాయనా" అంటే వెంటనే అర్థమవుతుంది, ఇంకో నాలుగు ప్రశ్నలు అడగగలను. అందుకే ఈ ఏడాది ఇంటర్న్‌షిప్ నాకు పరీక్షకన్నా ముఖ్యం. విదేశాల్లో చదివేవాళ్లకు పెట్టిన 2021 నిబంధనల ప్రకారం మీ అమ్మాయి 54 నెలల చదువు, అక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడ మళ్లీ 12 నెలలు చేయాలి. మెడికల్ కౌన్సిల్ గట్టిగా చూడాల్సింది ఈ 12 నెలలనే. పీజీ నీట్ కోసం డ్యూటీలు ఎగ్గొట్టి, లాగ్‌బుక్‌లో సంతకాలు మాత్రం తెచ్చుకునేవాళ్లు ఇక్కడ చదివినవాళ్లలోనూ ఉన్నారు. వాళ్లను ఏ పరీక్ష పట్టుకుంటుంది?

కడప హౌస్ సర్జన్:
ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, కాదనను.

ఆదోని నాన్న:
అందరికీ ఒకే పరీక్ష అని 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోనే నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) పెట్టారు కదా?

కడప హౌస్ సర్జన్:
2023 జూలైలో వాయిదా వేశారు సార్. మా అభ్యంతరం పరీక్ష మీద కాదు. లైసెన్సుకూ పీజీ సీటుకూ కలిపి ఒకటే పెట్టడం మీద. లైసెన్సుకు మాత్రమే, పేషెంట్ దగ్గర చేయించి చూసే పరీక్ష పెడితే నేనూ రాస్తాను, మీ అమ్మాయీ రాయాలి.

అనంత ఎఫ్‌ఎంజీ:
అలాంటిదైతే నాకూ సమ్మతమే.

ఆదోని నాన్న:
ఈ సెలవులకు వస్తుంది. ఏదైనా ఆసుపత్రిలో కూర్చోబెట్టొచ్చా?

అనంత ఎఫ్‌ఎంజీ:
రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయకూడదు సార్. పక్కన నిలబడి చూడటానికైతే సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టండి. ఓపీలోనే పెట్టమనండి, అక్కడే ఎక్కువ నేర్చుకుంటుంది.