లక్కీ డ్రా స్కీం చీటీ కిందకొస్తుందా, లాటరీ కిందకా?

ప్రశ్న (కొత్తసభ్యుడు_1):
మా ఊళ్ళో ఒక స్కీం మొదలైంది. 500 మంది, నెలకు 1,000, మొత్తం 20 నెలలు. నెలనెలా డ్రా తీస్తారు. పేరొచ్చినవాళ్ళకి 90 వేల బండి ఇస్తారు, ఇక వాయిదాలు కట్టక్కర్లేదు. రానివాళ్ళకి చివర్లో 20 వేల సరుకట. "ఇది లాటరీ కాదండీ, చీటీ" అంటున్నారు నిర్వాహకులు. మద్యం షాపులకీ లాటరీయే తీస్తారు కదా, దానికి లేని తప్పు దీనికేంటి?

సెక్షన్_బాబాయ్:
చీటీ పేరు పెట్టినంత మాత్రాన చీటీ అయిపోదు. వాయిదాలు వసూలు చేసి, డ్రాలో వచ్చినవాళ్ళకి బహుమతి, రానివాళ్ళకి కట్టిందంతా లేదా అందులో కొంత తిరిగిచ్చే పథకాన్ని 1978 నాటి చట్టం 'ప్రైజ్ చిట్' అంటుంది, నిషేధించింది కూడా. 3వ సెక్షన్ నడిపేవాళ్ళతో పాటు సభ్యుడిగా చేరడాన్నీ తప్పు పడుతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

అసలు చీటీలో పాట పాడి ఎత్తుకున్నవాడు కూడా చివరి నెల దాకా కట్టాల్సిందే. ఇద్దరు ముగ్గురు గరిష్ఠ తగ్గింపు (పాటలో వదులుకోగల పై పరిమితి) దగ్గరే ఆగితే పేర్లు రాసి లాటరీ తీస్తారు. అంతవరకు చట్టబద్ధమే.

లెక్కల_మాస్టారు:
చట్టం పక్కన పెట్టి కూడికలు చూద్దాం. గెలిచినవాళ్ళు మానేస్తారు కాబట్టి మొదటి నెల 500 మంది, రెండో నెల 499, 20వ నెల 481 మంది కడతారు. కలిపితే 9,810 వాయిదాలు, అంటే 98,10,000. బయటికెళ్ళేది: 20 బళ్ళకు 18 లక్షలు, మిగిలిన 480 మందికి 20 వేల చొప్పున 96 లక్షలు. మొత్తం 1,14,00,000. అందరూ ఒక్క నెలా తప్పకుండా కట్టినా 15,90,000 లోటు. ఏజెంట్ల కమీషన్, డ్రా రోజు షామియానా ఖర్చు ఇంకా కలపలేదు.

మరి ఆ లోటు ఎలా పూడుస్తారు? ఒకటి, మధ్యలో ఆపినవాళ్ళ డబ్బు తిరిగివ్వరు. కార్డు వెనక సన్న అక్షరాల్లో ఆ షరతు ఉందేమో చూడండి. రెండు, నగదు బదులు 'సరుకు' అంటారు: 12 వేల ఫ్రిజ్ మీద 20 వేల ధర అంటిస్తారు. ఈ రెండూ చాలకపోతే 15, 16 నెలలకు ఆఫీసుకి తాళం.

ఎక్సైజ్_ఎక్స్‌ప్రెస్:
మద్యం షాపుల సంగతి వేరు. అక్కడ దరఖాస్తు రుసుము తిరిగిరాని మాట నిజమే, తెలంగాణలో 2025లో 3 లక్షలు. కానీ డ్రాలో వచ్చేది బహుమతి కాదు, లైసెన్సు తీసుకునే వంతు. వచ్చినవాడు మళ్ళీ ఏడాదికింత అని లైసెన్సు ఫీజు కట్టాలి. హెచ్1బీ లాటరీ కూడా అంతే, పేరొస్తే పిటిషన్ వేసుకునే అవకాశమే, వీసా చేతికి రాదు. టికెట్టు అమ్మి డబ్బు పంచే లాటరీ 1998 చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలే నడపాలి. కేరళ నడుపుతోంది, మన రెండు రాష్ట్రాల్లో లేదు. "కేరళ లాటరీ ఆన్‌లైన్లో" అని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి, వాళ్ళది కాగితం టికెట్టే.

కొత్తసభ్యుడు_1:
మా బావగారు ఇప్పటికే నాలుగు వాయిదాలు కట్టేశారు. ఇప్పుడేం చేయాలి?

సెక్షన్_బాబాయ్:
ఐదోది కట్టొద్దనండి. కార్డు, రసీదులు, కరపత్రం, ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు భద్రం చేయమనండి. డబ్బు ఎవరి పేరున్న ఖాతాకి వెళ్ళిందో అందులో కనపడాలి. ముందు రాతపూర్వకంగా వాపసు అడగాలి, ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు. డిపాజిటర్ల రక్షణకు 1999లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం ఉంది, దాని కింద నిర్వాహకుల ఆస్తులు జప్తు చేయొచ్చు. సభ్యత్వమూ తప్పే కాబట్టి ఫిర్యాదు రాసేముందు ఒకసారి వకీలుకి చూపించండి. ఇంకెవరినీ చేర్పించకుండా ఉండటం మరీ ముఖ్యం, చేర్పించినవాణ్ణి ఏజెంటుగా లెక్కేస్తారు.